హార్ట్‌ఫర్డ్‌లో మార్క్ ట్వైన్ ఇల్లు: టూరుకు ముందు చూసుకోవాల్సిన లెక్కలు

కనెక్టికట్ రాష్ట్రం, హార్ట్‌ఫర్డ్ ఊరు, ఫార్మింగ్టన్ ఎవెన్యూ, 351 నంబరు. మార్క్ ట్వైన్ అనే కలంపేరుతో లోకానికి తెలిసిన శామ్యూల్ క్లెమెన్స్ 1874 నుంచి 1891 దాకా కాపురమున్న ఇల్లు ఇది. ఇప్పుడు మ్యూజియం. న్యూయార్క్ నుంచి కార్లో 115 మైళ్లు, బోస్టన్ నుంచి 100 మైళ్లు. ఇన్సూరెన్స్ కంపెనీల ఊరు కాబట్టి ఐటీ పనుల మీద వచ్చి ఆ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు చూపించే చోట్లలో ఈ ఇల్లూ ఒకటి.

తీర్పు ముందే చెప్పేస్తే, టికెట్ డబ్బు గిట్టుతుంది. అయితే "టామ్ సాయర్‌ని రాసిన కుర్చీ చూద్దాం" అని వెళ్తే సగం నిరాశ తప్పదు. ఆయన హార్ట్‌ఫర్డ్ కాలపు పుస్తకాల్లో ఎక్కువ పేజీలు రాసింది ఇక్కడ కాదు, వేసవిలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరాలో, వదినగారి పొలంలో. ఈ ఇంట్లో కనబడేది వేరే సంగతి. రాతతో సంపాదించిన మనిషి ఆ సంపాదనను ఎలా ఖర్చుపెట్టాడు, దేని మీద పోగొట్టుకున్నాడు అన్నది. ఈ ఇంటిని ఒక జమాఖర్చుల పుస్తకంలా తిరగేస్తే గైడు చెప్పే ప్రతి ముక్కా ఒకదానికొకటి అతుకుతుంది. లేకపోతే "అబ్బ, ఎంత బాగుందో" దగ్గరే ఆగిపోతాం.

ముందు టికెట్ సంగతి. గైడు లేకుండా ఇంట్లోకి పోనివ్వరు. టికెట్ మీద వేసిన టైముకు టూరు బయల్దేరుతుంది, సుమారు గంట పడుతుంది. ఆకులు రంగు మారే అక్టోబరు వారాంతాల్లో, లాంగ్ వీకెండ్లలో కౌంటరు దగ్గర కొందామనుకుంటే ఆ పూట స్లాట్లు అయిపోయి ఉండొచ్చు. ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవడం మేలు. ఇంకో సంగతి, కౌంటరు ఇంట్లో ఉండదు. పక్కనే 2003లో కట్టిన మ్యూజియం సెంటర్లో ఉంటుంది. ఇల్లేమో దానికి ఎగువన గుట్ట మీద. కారు పెట్టి, టికెట్ చూపించి, బాత్రూముకు వెళ్లొచ్చి, ఇంటి వైపు నడవడానికి ఇరవై నిమిషాలు చేతిలో ఉంచుకోవాలి. సరిగ్గా టైముకు కారు దిగేవాళ్లే ఎక్కువగా స్లాటు పోగొట్టుకుంటారు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్తుంటే ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఇల్లు మూడంతస్తులు. అసలు చూడాల్సిన బిలియర్డ్స్ గది మూడో అంతస్తులో ఉంది. 1874 నాటి మెట్లు, మధ్యలో కూర్చునే వీలుండదు. గంటసేపు నిలబడే ఉండాలి. ఐదారేళ్ల లోపు పిల్లలకు ఈ టూరు కష్టం. తాళ్లు కట్టిన గదులు, ముట్టుకోకూడని సామాను, మసక వెలుతురు. వాళ్లు పది నిమిషాల్లో విసిగిపోతారు, వాళ్లను సముదాయించడంలో మనకు గైడు మాటలు సగం వినబడవు.

మసక వెలుతురని చాలామంది సణుగుతారు. దానికి కారణం ఉంది. అప్పట్లో ఈ ఇంట్లో వెలిగింది గ్యాసు దీపాలు. పైగా గోడల మీది కాగితం, పూతలు గట్టి వెలుతురు తగిలితే వెలిసిపోతాయి. లోపలికి వెళ్లాక ఒక నిమిషం కళ్లు అలవాటు పడనివ్వండి, అప్పుడు గోడల మీద వెండి మెరుపు కనబడుతుంది.

లోపలికి వెళ్లబోయే ముందు బయట ఐదు నిమిషాలు తిరగండి. ఈ భాగం టూరులో సరిగా రాదు. ఆర్కిటెక్టు ఎడ్వర్డ్ టకర్‌మన్ పాటర్. ఎర్ర ఇటుక గోడల మీద నలుపు, కుంకుమ రంగు వేసిన ఇటుకలతో పట్టీలు, నగిషీలు తీర్చారు. ఏటవాలు కప్పులు, బురుజులు, బాల్కనీలు, చుట్టూ వరండా. మిసిసిపీ నదిలో తిరిగే స్టీమరు ఆకారంలో కట్టించుకున్నాడని ఒక కథ బాగా చెలామణిలో ఉంది. ట్వైన్ అమెరికా అంతర్యుద్ధానికి ముందు స్టీమరు పైలట్‌గా పనిచేసినవాడే, 1859లో లైసెన్సు తీసుకున్నాడు కూడా. కానీ పాటర్ కట్టిన మిగతా భవనాలు చూసినవాళ్లకు ఇదంతా పాటర్ తరహాయే అని తెలిసిపోతుంది. మరో విశేషం, వంటిల్లు వీధి వైపు ఉంది. మామూలుగా వెనక పక్క పెట్టేదాన్ని ముందుకు తెచ్చారు. నౌకర్లు వీధిలో ఊరేగింపు చూడాలంటే ఇంట్లోంచి పరుగెత్తుకుని రానక్కర్లేదు కదా అని ట్వైనే జోకు వేసేవాడట.

ఇల్లు కట్టడానికి అయింది 40,000 డాలర్ల పైమాటే. ఆ డబ్బు చాలావరకు భార్య ఒలీవియాది, ముద్దుపేరు లివీ. ఆమె తండ్రి జెర్విస్ లాంగ్డన్ ఎల్మైరాలో పెద్ద బొగ్గు వ్యాపారి, పోతూ కూతురికి ఆస్తి మిగిల్చిపోయాడు. ఇంటి ప్లాను విషయంలో ఆర్కిటెక్టుతో కూర్చుని మాట్లాడింది కూడా ఆమే. "ట్వైన్ కట్టించిన ఇల్లు" అనేస్తాం గానీ, "లివీ కట్టించిన ఇల్లు" అంటే న్యాయంగా ఉంటుంది. గైడు ఈ మాట నొక్కి చెప్తే మంచి గైడు దొరికినట్టు.

ట్వైన్ హార్ట్‌ఫర్డ్‌కే ఎందుకు వచ్చాడు? ఆయన పుస్తకాలు వేసే అమెరికన్ పబ్లిషింగ్ కంపెనీ ఈ ఊళ్లో ఉంది. ఆ కంపెనీ పుస్తకాలు షాపులో అమ్మేది కాదు. ఏజెంట్లు ఒక నమూనా కాపీ చంకన పెట్టుకుని పల్లెల్లో ఇంటింటికీ తిరిగి ముందే ఆర్డర్లు రాసుకునేవాళ్లు. నమూనాలో కొన్ని పేజీలు, కొన్ని బొమ్మలు, బైండింగు రకాలు, చివర పేర్లు రాసుకోవడానికి ఖాళీ కాగితాలు. మూడున్నర డాలర్లు పెట్టి కొనే రైతుకు పుస్తకం బరువుగా ఉండాలి, నిండా బొమ్మలుండాలి. 1869లో వచ్చిన ఆయన యూరప్, పాలస్తీనా యాత్ర పుస్తకం అందుకే ఆరువందల పేజీలు దాటింది. ట్వైన్ పుస్తకాల్లో అక్కడక్కడా కథ పక్కదారి పట్టి సాగడానికి ఒక కారణం ఈ లావు లెక్క. ఇది తెలిసి చదివితే కొన్ని అధ్యాయాల మీద కోపం తగ్గుతుంది.

గుమ్మం దాటగానే పెద్ద హాలు, మూడంతస్తులూ కనబడేలా తిరుగుతూ పోయే చెక్క మెట్లు. ఈ హాలు 1874లో ఇలా లేదు. డబ్బు బాగా వస్తున్న రోజుల్లో, 1881లో, కింది అంతస్తు అలంకరణను అసోసియేటెడ్ ఆర్టిస్ట్స్ అనే సంస్థకు 5,000 డాలర్లకు ఒప్పజెప్పారు. అందులో లూయీ టిఫనీ, క్యాండేస్ వీలర్, శామ్యూల్ కోల్మన్, లాక్‌వుడ్ డి ఫారెస్ట్ ఉన్నారు. హాలు చెక్క పలకల మీద వెండి రంగుతో స్టెన్సిల్ వేశారు. దీపం వెలుగులో ముత్యపు చిప్ప పొదిగినట్టు కనబడాలని వాళ్ల ఎత్తు. దగ్గరికి వెళ్తే రంగే, నాలుగడుగులు వెనక్కి వస్తే పొదుగు పని. అందుకే గోడకు అంటుకుని చూడొద్దు, హాలు మధ్యలో నిలబడి పక్కవాటుగా చూడండి.

డ్రాయింగ్ రూములో లేత గులాబీ గోడల మీద వెండి నగిషీలున్నాయి. వాటిలో మన దేశపు పనితనం ఛాయలు కనబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆ నలుగురిలో డి ఫారెస్ట్ సరిగ్గా ఆ 1881లోనే అహ్మదాబాద్ వెళ్లి, హఠీసింగ్ కుటుంబంతో కలిసి చెక్క చెక్కడం పనికి కార్ఖానా పెట్టించినవాడు. టూరులో ఈ గది మీద మాట్లాడేది తక్కువ, తొందరగా దాటించేస్తారు. అడిగితే చెప్తారు, కాబట్టి అడగండి.

భోజనాల గదిలో ఎరుపు, బంగారు రంగుల్లో ఉబ్బెత్తు కలువల కాగితం గోడలకు అతికించారు. తోలు అనిపిస్తుంది, కానీ కాగితమే, క్యాండేస్ వీలర్ పని. ఇక్కడ ఎక్కువమంది కళ్లు బల్ల మీది వెండి సామాను మీదే ఉండిపోతాయి. వెండి సామాను ఎక్కడైనా చూడొచ్చు. మీరు నిప్పుగూడు వైపు తిరగండి. దాని పైన, పొగగొట్టం నిట్టనిలువుగా వెళ్లాల్సిన చోట, కిటికీ ఉంది! పొగదారిని రెండుగా చీల్చి కిటికీకి అటో పాయ, ఇటో పాయగా మళ్లించారు. కింద మంట, పైన అద్దంలోంచి రాలుతున్న మంచు. రెండూ ఒకే చూపులో కనబడాలన్నది ట్వైన్ కోరిక. మంచు నేరుగా మంటలోకి పడుతున్నట్టు ఉంటుందన్నమాట. వేసవిలో వెళ్లినవాళ్లకు ఇది వట్టి కిటికీ. జనవరిలో మంచు పడే రోజున చూస్తే ఆ మనిషి సరదా ఏ పాటిదో తెలుస్తుంది.

తరువాతది లైబ్రరీ. ఈ ఇంట్లో గంటలో పావుగంట ఇక్కడే గడిపితే బాగుండును, కానీ గైడు అంతసేపు ఉంచడు. లోపలికి వెళ్లేటప్పుడు గుంపులో ముందుండే ప్రయత్నం చేయండి. గది మధ్యలో జనం నిలబడిపోతే వెనకవాళ్లకు నిప్పుగూడు పైభాగమే కనబడుతుంది. ఆ నిప్పుగూటి చుట్టూ ఉన్న ఓక్ చెక్కడం స్కాట్లాండులోని ఏటన్ కోట నుంచి కొనుక్కొచ్చింది.  మంట పైన ఇత్తడి రేకు మీద అమెరికన్ రచయిత ఎమర్సన్ మాట ఒకటి చెక్కించారు, ఇంటికి వచ్చిపోయే స్నేహితులే ఇంటికి అలంకారమని.

దాని పై అరలో వరసగా బొమ్మలు, కూజాలు ఉంటాయి. ఈ వరస పక్కన ఒక కొసన మెడకు ముడతల కాలరు వేసుకున్న పిల్లి పటం, రెండో కొసన ఎమెలీన్ అని పేరు పెట్టుకున్న అమ్మాయి బొమ్మ. రాత్రిపూట కూతుళ్లు సూజీ, క్లారా, జీన్ కథ అడిగితే ట్వైన్ పిల్లితో మొదలుపెట్టాలి, మధ్యలో ఉన్న ప్రతి వస్తువునూ వరస తప్పకుండా కథలోకి తేవాలి, ఎమెలీన్‌తో ముగించాలి. నిన్న చెప్పిన కథ ఇవాళ పనికిరాదు. ఒక్క వస్తువు దాటేసినా పిల్లలు ఒప్పుకునేవాళ్లు కాదు. కథ చెప్పడంలో ఇంతకంటే కఠినమైన కసరత్తు ఏ రైటింగ్ కోర్సులోనూ ఉండదు. పిల్లలున్నవాళ్లు ఇంటికెళ్లాక అలమారు మీది సామానుతో ఇదే ఆట ఆడొచ్చు.

లైబ్రరీకి ఒక చివర అద్దాల మొక్కల గది, గుండ్రంగా, మధ్యలో చిన్న నీటి ఫౌంటెన్. పిల్లల నాటకాలకు ఇదే తెర వెనక భాగం. తెలుగు పాఠకులు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. మనకు 'రాజు-పేద'గా తెలిసిన కథను ఒలీవియా నాటకంగా మలిస్తే, 1880ల మధ్యలో ఈ ఇంట్లోనూ, పక్కనున్న వార్నర్ల ఇంట్లోనూ ఆడారు. సూజీ రాకుమారుడు, వార్నర్ల అమ్మాయి పేద పిల్లాడు, ట్వైన్ రాకుమారుణ్ని కాపాడే మైల్స్ హెండన్. నండూరి రామమోహనరావు తెలుగు చేసిన పుస్తకం చదివినవాళ్లకు, 1954లో ఎన్టీఆర్ పోచిగాడుగా వేసిన సినిమా చూసినవాళ్లకు ఈ మొక్కల గది కాస్త దగ్గరి చుట్టంలా అనిపిస్తుంది. టూరులో ఈ నాటకం సంగతి ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు. రాకపోతే అడగండి.

రెండో అంతస్తును త్వరగా చూసేయొచ్చు. రెండు చోట్ల మాత్రం ఆగాలి. ఒకటి పడకగదిలోని మంచం. 1878లో వెనిస్‌లో కొన్నది, నల్లటి చెక్క, నాలుగు కోళ్ల మీదా రెక్కల పసిబొమ్మలు. ఆ బొమ్మలు ఊడి వస్తాయి, పిల్లలు వాటిని తీసి ఆడుకునేవాళ్లు. తలవైపు చెక్కడానికి అంత డబ్బు పోసి, పడుకుంటే అది కనబడకపోవడం ఏమిటని, ట్వైన్ దిండ్లు కాళ్ల వైపు వేయించుకున్నాడు. ఇప్పటికీ అలాగే పెట్టి చూపిస్తారు. 1910 ఏప్రిల్ 21న రెడింగ్‌లోని ఇంట్లో ఆయన కన్నుమూసింది ఈ మంచం మీదే. రెండోది పిల్లల చదువు గది. సూజీ పదమూడో ఏట తండ్రి జీవితచరిత్ర రాయడం మొదలుపెట్టింది, స్పెల్లింగు తప్పులతో. ఆ తప్పుల్ని తండ్రి దిద్దలేదు. తరువాత తన ఆత్మకథలో ఆ ముక్కలను వాడుకున్నప్పుడు కూడా వాటిని అలాగే ఉంచాడు.

బాత్రూముల గురించి ఒక మాట. ఏడు బాత్రూములు, ఫ్లష్‌తో, వేణ్నీళ్లు చన్నీళ్లు పైపుల్లో. 1870ల్లో ఇది రాజభోగం. టెలిఫోను కూడా ఆ దశాబ్దం దాటకముందే పెట్టించాడు, దాన్ని తిట్టుకుంటూనే వాడాడు. దొంగల గంట ఒకటి ఉండేది, దొంగలు రానప్పుడే ఎక్కువ మోగేదట. కొత్త యంత్రం కనబడితే జేబులో చెయ్యి పెట్టే అలవాటు ఇక్కడి నుంచే గమనించండి. ఈ అలవాటే ఆయన కొంప ముంచింది.

మూడో అంతస్తులో బిలియర్డ్స్ గది. మెట్లెక్కిన ఆయాసం ఇక్కడ తీరుతుంది. ఇంటి పైకప్పు కింద, మూడు వైపులా వెలుతురు, పైన సీలింగు మీద బిలియర్డ్స్ కర్రలు, పొగాకు పైపులు, గ్లాసులు స్టెన్సిల్ వేసి ఉంటాయి. రాసే బల్ల ఎక్కడుందో చూడండి: మూలన, గోడకు ముఖం పెట్టి. కిటికీ వైపు కూర్చుంటే చూపు బయటికి పోతుందని ఆ ఏర్పాటు. చేతిరాత కాగితాలు బిలియర్డ్స్ బల్ల మీద పరిచి వరస సరిచూసుకునేవాడు. అదీ ఆట లేనప్పుడు, ఆట మాత్రం అర్ధరాత్రి దాటేది. పక్క గదిలో ఉండేది ఇంటి బట్లరు జార్జ్ గ్రిఫిన్. బానిసత్వంలో పుట్టి, అంతర్యుద్ధం తరువాత ఉత్తరాదికి వచ్చినవాడు. కిటికీ అద్దాలు తుడవడానికి వచ్చి ఏళ్ల తరబడి ఉండిపోయాడని ట్వైన్ చెప్పేవాడు. గ్రిఫిన్ గురించి, 1880లో చేరిన పనిమనిషి కేటీ లియరీ గురించి ఎక్కువ తెలుసుకోవాలంటే మామూలు టూరు చాలదు. నటులు ఆ పాత్రల్లో ఇల్లు చూపించే ప్రత్యేక టూర్లు కొన్ని తేదీల్లో ఉంటాయి. ట్వైన్ పుస్తకాలు ముందే చదివినవాళ్లకు ఆ టూర్లే మేలు; మొదటిసారి వెళ్లేవాళ్లు మామూలుదే చూడాలి.

టూరు అయిపోగానే జనంలో సగం మంది కార్ల వైపు వెళ్లిపోతారు. అసలు వస్తువు మ్యూజియం సెంటర్లో ఉండిపోతుంది. పేజ్ కంపోజిటర్ అనే, అచ్చు అక్షరాలు పేర్చే యంత్రం. లోకంలో మిగిలింది ఇదొక్కటే. టూరుకు ముందు చూస్తే ఇది వట్టి ఇనుప సామాను. ఇల్లంతా తిరిగి, ఆ నగిషీల ఖర్చు కళ్లారా చూసి, అప్పుడు దీని ముందు నిలబడాలి. కనీసం ఇరవై నిమిషాలు కేటాయించండి.

ఆ యంత్రం ఏం చేయాలో తెలియాలంటే పాత ప్రెస్సులో చేత్తో కంపోజింగ్ ఎలా జరిగేదో గుర్తుండాలి. కేసు అనే అక్షరాల పెట్టె గడుల్లోంచి ఒక్కో సీసపు అక్షరం ఏరాలి, చేతిలో పట్టుకునే స్టిక్‌లో తలకిందులుగా పేర్చాలి, లైను చివర ఖాళీలు సర్ది బిగించాలి. అచ్చయ్యాక ఆ అక్షరాలన్నీ విడదీసి ఏ గడివి ఆ గడిలో వేయాలి. వేయడం కూడా పేర్చినంత చాకిరీయే. ట్వైన్‌కు ఇది వినికిడి జ్ఞానం కాదు. తండ్రి పోయాక పన్నెండేళ్ల వయసులోనే, తను పెరిగిన హానిబల్ ఊళ్లో ప్రెస్సులో చేరి ఈ పనే చేశాడు. అందుకే, జేమ్స్ పేజ్ అనే ఆయన ఈ పనులన్నీ, ఆఖరికి అక్షరాలు తిరిగి గడుల్లో వేయడం కూడా, ఒక్క యంత్రం చేస్తుందని చూపించినప్పుడు పడిపోయాడు. పని తెలియనివాడైతే అంత తేలిగ్గా పడేవాడు కాదేమో.

దగ్గరికి వెళ్లి చూడండి. సుమారు 18,000 భాగాలు. మనిషి చెయ్యి చేసే ప్రతి కదలికకూ ఒక లోహపు చెయ్యి పెట్టాలన్నది పేజ్ పద్ధతి. నడిచినప్పుడు అద్భుతంగా నడిచేది. ఒక్క అక్షరం వంకరపోతే ఎక్కడో ఒకచోట ఇరుక్కునేది, దాన్ని విప్పి సరిచేయడం పేజ్‌కే చేతనయ్యేది. ఆయనేమో ఎప్పుడూ ఇంకో మెరుగు పెట్టాలనేవాడు, యంత్రం పూర్తయిందని ఒప్పుకునేవాడు కాదు. ఈలోగా 1886లో న్యూయార్క్‌లో ఒక పత్రికాఫీసులో మెర్గెంథాలర్ కనిపెట్టిన లైనోటైపు యంత్రం నడవడం మొదలైంది. అది మనిషి చేతిని అనుకరించలేదు. అచ్చు గుంటల్ని వరసపెట్టి, కరిగిన లోహం పోసి, లైనుకు లైను పోతపోసేది. అచ్చయ్యాక లైన్లను కరిగించేయడమే, అక్షరాలు ఏరి గడుల్లో వేసే పనే లేదు. పేజ్ పరిష్కరించడానికి ఏళ్లు తరబడి కొట్టుకున్న సమస్యను లైనోటైపు అసలు లేకుండానే చేసేసింది. 1894లో షికాగోలో ఒక పత్రికలో పేజ్ యంత్రాన్ని పరీక్షకు పెడితే మాటిమాటికీ ఆగిపోయింది. కథ అక్కడితో ముగిసింది.

దీని మీద ట్వైన్ పోసింది లక్షన్నర డాలర్ల నుంచి మూడు లక్షల దాకా అని రకరకాల లెక్కలు. తక్కువ లెక్కే తీసుకున్నా, ఇందాక చూసిన ఇల్లు కట్టిన ఖర్చుకు మూడు రెట్లు! ఆ గోడల వెండి నగిషీలకు ఇచ్చిన 5,000 డాలర్లు ఈ యంత్రం ముందు చిల్లర. ఈ పోలిక టూరులో ఎవరూ వేసి చూపించరు, మీరే వేసుకోవాలి.

సొంత ప్రచురణ సంస్థ రెండో కన్నం. మొదట్లో అదీ బంగారు బాతే. అంతర్యుద్ధ సేనాని, మాజీ అధ్యక్షుడు జనరల్ గ్రాంట్ జ్ఞాపకాలు 1885 డిసెంబరులో వేసి, ఆయన భార్యకు మొదటి చెక్కే 2,00,000 డాలర్లు ఇచ్చారు. తరువాత పోప్ జీవితచరిత్ర అనుకున్నంత పోలేదు. పదకొండు సంపుటాల అమెరికన్ సాహిత్య సంకలనాన్ని వాయిదాల మీద అమ్మారు. సంపుటాలు అచ్చు వేయడానికి, ఏజెంట్ల కమీషనుకు డబ్బు ఇవాళే పోతుంది, వాయిదాలు నెలనెలా చినుకులు చినుకులుగా వస్తాయి. అమ్మకం పెరిగేకొద్దీ చేతిలో డబ్బు కరిగిపోయింది. 1894 ఏప్రిల్‌లో సంస్థ దివాలా తీసింది.

దానికి మూడేళ్ల ముందే, 1891లో, ఖర్చు భరించలేక కుటుంబం ఈ ఇల్లు మూసి యూరప్ వెళ్లిపోయింది. అప్పు తీర్చడానికి 1895లో ప్రపంచమంతా ఉపన్యాస యాత్ర. 1896 జనవరి నుంచి మార్చి దాకా ఇండియాలో, బొంబాయి నుంచి కలకత్తా దాకా తిరిగాడు. తిరుగు ఓడ మద్రాసులో ఒక్కరోజు ఆగింది. అదే ఏడాది ఆగస్టు 18న, తల్లిదండ్రులు ఇంకా అమెరికా చేరకముందే, ఇరవై నాలుగేళ్ల సూజీ మెనింజైటిస్‌తో (మెదడు పొరల వాపు) ఈ హార్ట్‌ఫర్డ్ ఇంట్లో చనిపోయింది. ఒలీవియా మళ్లీ ఈ ఇంట్లో అడుగుపెట్టలేకపోయింది. 1898కల్లా అప్పు డాలరుకు డాలరు తీరింది, 1903లో ఇల్లు అమ్మేశారు. ఆ తరువాత ఇది బడి, గోదాము, అద్దె వాటాలు. 1929లో పక్కింటి హ్యారియట్ బీచర్ స్టోవ్ ('అంకుల్ టామ్స్ క్యాబిన్' రచయిత్రి) బంధువు కేథరిన్ సేమౌర్ డే పూనుకుని కాపాడకపోతే నేలమట్టమయ్యేది. పాత రూపానికి తెచ్చే పని 1974 దాకా సాగింది.

టూరులో లోటు ఏమిటంటే, ఈ చివరి భాగం ఎప్పుడూ నాలుగు వాక్యాల్లో తేలిపోతుంది. గంటలో ఇరవై అయిదు గదుల ఇల్లు చూపించాలి కాబట్టి సామాను గురించి చెప్పడానికే టైము సరిపోతుంది. దివాలా, సూజీ చావు ఆఖరి మెట్ల మీద హడావుడిగా వస్తాయి. యంత్రం ఇంకో భవనంలో ఉండటంతో రెండు ముక్కలకూ ముడి పడదు. వెళ్లేముందు ట్వైన్ జీవితం మీద వంద పేజీలు చదువుకుని వెళ్తే ఈ ముడి మీరే వేసుకుంటారు.

స్టోవ్ ఇల్లు అదే ఆవరణను ఆనుకుని ఉంది. వేరే సంస్థ, వేరే టికెట్. ఇది తెలియక ఒకే టికెట్‌తో రెండూ అనుకుంటారు. రెండూ చూడాలంటే పూట మొత్తం కావాలి. మధ్యాహ్నం చివరి స్లాటుకు ట్వైన్ ఇల్లు పెట్టుకుంటే యంత్రం దగ్గర టైము మిగలదు. ఉదయం ట్వైన్, భోజనం, ఆ తరువాత స్టోవ్. ఇదీ సరైన వరస.

ఇక "రాసిన గది" పట్టుదల తీరనివాళ్లకు దారి ఎల్మైరాకే. హార్ట్‌ఫర్డ్ నుంచి నాలుగున్నర, అయిదు గంటల డ్రైవు. వదిన సూజన్ క్రేన్ 1874లో పొలంలో గుట్ట మీద ట్వైన్ కోసం ఎనిమిది పలకల చిన్న గది కట్టించింది, స్టీమరు పైలట్ గదిలా చుట్టూ కిటికీలు. 1952లో దాన్ని ఎత్తి ఎల్మైరా కాలేజీ ఆవరణలో పెట్టారు. హకల్‌బెరీ ఫిన్‌ను 1876లో మొదలుపెట్టి, మధ్యలో వదిలేసి, 1883లో ముగించింది ఆ గుట్ట మీదే. ఆ పొలం ఇల్లు మాత్రం పరిశోధకులకే, ఊరికే వెళ్తే గేటు తీయరు. అదే ఊళ్లో వుడ్‌లాన్ శ్మశానంలో కుటుంబమంతా ఒకే చోట ఉంది. అక్కడి స్మారక స్తంభం ఎత్తు పన్నెండు అడుగులు. పైలట్ల భాషలో రెండు బారల లోతు, స్టీమరు క్షేమంగా పోగల లోతు. వాళ్లు కేకేసే మాట "మార్క్ ట్వైన్".